లీటరుకి పన్నెండు

మా కారు లీటరుకి పన్నెండే ఇస్తోందని స్టీరింగు వెనకున్న బుల్లి తెర చూపించిన రోజున నాకు ఒళ్లు మండిపోయింది. డీజిలు కారు. పాతదే కొన్నాం, కాదనను, కానీ కొన్న కొత్తలో ఇరవై ఇచ్చింది. అమ్మినాయన ఇరవై రెండు ఇస్తుందన్నాడు. అమ్మేవాడి నోట్లోంచి వచ్చిన మాట కదా అని రెండు నేనే కొట్టేశాను. మిగిలిన ఇరవైలో ఎనిమిది ఎటు పోయాయి? నేను భోగాపురం విమానాశ్రయం చుట్టూ పడుతున్న రోడ్లకి కొలతలు తీసే సర్వేయర్ని. జానెడు తేడా వచ్చినా నాకు అన్నం సయించదు. అలాంటివాడి వాకిట్లో ఎనిమిది కిలోమీటర్లు గల్లంతు!

ఆ కారు నా చేతిలో ఉండేది ఆదివారమే. సంత రోజున మా మావ తీసుకెళతాడు. మిగతా రోజుల్లో అది వాకిట్లో నిలబడి కోళ్లకి నీడనిస్తుంది. మావ అంటే మా ఆవిడ తండ్రి. సముద్రం మీద మరబోటు నడిపి నడిపి, మోకాళ్లు మొరాయించాక ఒడ్డున పడి, ఆ వయసులో కారు నేర్చుకున్నాడు. రోడ్డు కూడా నీళ్లే అనుకుంటాడు. ఎదురుగా లారీ వస్తే ముక్కు కాస్త ఎడమకి తిప్పి, ఆ అల దాటిపోయేదాకా ఓపిగ్గా చూసి, మళ్లీ దారిలో పడతాడు. బెల్టు పెట్టుకోడు. కారు కుయ్యోమనకుండా బెల్టుని ముందే గుచ్చేసి దాని మీద కూర్చుంటాడు. నేను వాళ్లింట్లోనే ఉంటున్నాను. దీన్ని ఇల్లరికం అనకూడదు, ఉద్యోగానికి దగ్గరని ఉంటున్నాను. ఊళ్లో ప్రతి ఒక్కరికీ విడమరిచి చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు.

అత్తది ఎండుచేపల వ్యాపారం. వారం వారం శృంగవరపుకోట సంతకి వెళ్లి, నెత్తళ్లూ సావిడాయిలూ పోసుకుని కూర్చుంటుంది. కొండ మీంచి దిగొచ్చే జనం నలుగురు చేపలమ్మేవాళ్లని దాటుకుని మరీ ఆవిడ దగ్గరకొస్తారు. మా ఇంటిల్లిపాదిలో బయట ఎవరికైనా పేరుందంటే ఆవిడకే ఉంది. ఆ సంత గురించే మా ఇంట్లో యుద్ధం. మా ఆవిడ ఊరి సచివాలయంలో పనిచేస్తుంది, ఆజ్ఞలు జారీ చెయ్యడం అలవాటు.

"ఈ వయసులో నీకు సంతలేటమ్మా? కాలు జారితే ఎవులు సూస్తారు?" అనేది.

"మానీసి ఏటి సెయ్యమంటావే? నీ మొగుడి మొకం సూస్తా కూకోమంటావా?" అనేది అత్త.

ఆ మొగుణ్ణి నేనే. అక్కడే కూర్చుని ఉండేవాణ్ణి.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. బస్సు ఎక్కకూడదు, ఆటో ఎక్కకూడదు, మావే కారులో తీసుకెళ్లి తీసుకురావాలి. ఒక్క తేడా జరిగినా సంత బంద్. అత్త ఒప్పుకుంది. తుపాను వచ్చి సంత జరగని వారం ఆవిడ ఎలా ఉంటుందో చూసినవాళ్లెవరైనా ఆ ఒప్పందం విలువ తెలుసుకుంటారు. ఇంట్లో గిన్నెలన్నీ నేల మీదే ఉంటాయి, పిల్లి కూడా పక్కింటికి పోతుంది. సంత పోతే ఆ మనిషి పోయినట్టే.

సరే, నా ఎనిమిది కిలోమీటర్ల సంగతి. ముందు బంకువాణ్ణి అనుమానించి బంకు మార్చాను. టైర్లలో గాలి చూసుకున్నాను. గాలి ఫిల్టరు విప్పితే అందులో మా పెట్టదే ఒక ఈక దొరికింది. దొంగ దొరికాడనుకుని ఈక తీసేశాను, మైలేజీ వీసమెత్తు పెరగలేదు. మా కార్ల వాట్సాప్ గ్రూపులో అడిగాను. ఒకాయన ఏసీ తగ్గించమన్నాడు, ఒకాయన పాదం తగ్గించమన్నాడు, మూడో ఆయన గులాబీ పువ్వుతో శుభోదయం పెట్టాడు. విచిత్రం ఏమిటంటే ఆదివారం నేను విజయనగరం వెళ్లొస్తే అదే తెర ఇరవై చూపించేది. సంత రోజు సాయంత్రం చూస్తే పన్నెండు.

"మావా, బండి తెగ తాగేస్తంది. గేర్లు సరిగ్గా ఏస్తన్నావా?" అని అడిగాను.

"ఎదురుగాలి బాబూ," అన్నాడు మావ.

"ఎల్లినప్పుడు ఎదురుగాలి సరే. వచ్చినప్పుడు?"

"అప్పుడికి గాలి తిరుగుతాది."

ఇంకో సంగతి కూడా కనిపెట్టాను. గేరు కర్ర పక్కన ఒక మీట ఉంటుంది. బండి ఎక్కడైనా ఆగి, గేరు తీసి, క్లచ్చి మీంచి పాదం ఎత్తితే ఇంజిను దానంతటదే ఆగిపోయి డీజిలు మిగులుతుంది. బయల్దేరదామని క్లచ్చి తొక్కగానే మళ్లీ లేస్తుంది. ఆ ఏర్పాటు వద్దనుకుంటే మీట నొక్కి ఆపుకోవచ్చు. మావ నడిపిన రోజున అది ఆపేసే ఉండేది. అదీ అడిగాను.

"సెప్పకుండా ఆగిపోయీ ఇంజినుని ఎలాగ నమ్ముతావు బాబూ? అది సెడ్డ ఇంజిను," అన్నాడు, ఎవరో దుర్మార్గుడి గురించి చెప్పినట్టు.

ఇక లాభం లేదని విజయనగరంలో కార్ల కంప్యూటరు సెట్టింగులు మార్చే ఒకాయన దగ్గరకి వెళ్లాను. స్టీరింగు కింద తీగ గుచ్చి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, "పవరు కావాలా, మైలేజీ కావాలా?" అన్నాడు. రెండూ కావాలన్నాను. "బొజ్జ తగ్గాలి, బిర్యానీ మాననంటే ఎలాగండి?" అన్నాడు. తర్వాత తెర మీద ఏవో అంకెలు చూసి తల గోక్కున్నాడు.

"మీ బండికి రోగమేం లేదండి. తిరిగిన దూరం తక్కువ, ఇంజిను నడిచిన గంటలు ఎక్కువ. బండి నిలబడే డీజిలు తాగుతోంది. ఎవరో గంటల తరబడి ఒకేచోట ఆన్‌లో ఉంచేస్తున్నారు."

నాకు దీపం వెలిగింది. సంతలో అత్త ఎండలో కూర్చుని చేపలమ్ముతుంటే, మా మావ ఏసీ వేసుకుని, కాళ్లు చాపుకుని, గుర్రుపెట్టి నిద్రపోతున్నాడన్నమాట! ఎదురుగాలట, ఎదురుగాలి! నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆ మీట పనిచెయ్యకుండా చేసి పెట్టమన్నాను. ఎవరు ఎంత నొక్కినా సరే, ఆగిన చోట ఇంజిను ఆగిపోవాల్సిందే. పనిలో పనిగా నిలబడినప్పుడు ఇంజిను మెల్లగా, చప్పుడు లేకుండా తిరిగేట్టు కూడా మార్చాడు. ఆ ఆదివారం కారు ఇరవై రెండు ఇచ్చింది. ఆ తెరని మా ఆవిడకి చూపించాను, పక్కింటివాళ్లకి చూపించాను, కోళ్లకి కూడా చూపించేవాణ్ణే. మావకి మాత్రం చెప్పలేదు. సంతలో ఏసీ ఆగిపోయి ఉలిక్కిపడి లేస్తాడు కదా, ఆ మొహం ఊహించుకుని రెండు రోజులు నాలో నేను నవ్వుకున్నాను.

సంత రోజు మధ్యాహ్నం నేను రోడ్డు మీద ఎండలో కొలతలు తీస్తుంటే అత్త నంబరు నుంచి ఫోనొచ్చింది. ఎత్తితే ఎవరో కొత్త ఆడమనిషి.

"ఏవండీ, ఈవిడ మీ అత్తగారంట. మా కారులో కూకున్నారండి. దిగమంటే దిగట్లేదు. మా అల్లుడికి ఫోన్ సెయ్యండి, ఇది ఎవుల కారో ఆడే సెప్తాడని ఫోనిచ్చేరండి."

వెనక నుంచి అత్త గొంతు ఖంగుమంటోంది. "ఎవులే నువ్వు? నా కార్లోకొచ్చి నన్నే దిగమంటావేటి? బాబూ, ఈళ్లెవులో సూడు, పట్టుచీరలు కట్టుకుని మరీ దొంగతనాలకొచ్చీసినారు!"

వాళ్లు పెళ్లిచూపులకి వెళుతున్నారట. పూలు కొనుక్కుందామని కారు ఆన్‌లోనే ఉంచి దిగారట. తిరిగొచ్చేసరికి వెనక సీట్లో మా అత్త, ఆవిడ ఒళ్లో ఎండు నెత్తళ్ల తట్ట. పెళ్లికొడుకు తల్లి కొత్త చీర మీద అప్పటికే గుప్పెడు నెత్తళ్లు పడ్డాయట. "ఈ వాసనతో పిల్లోళ్లింటికి ఎలాగెళ్తామండీ?" అని ఆవిడ ఏడుపు.

నేను నవ్వు ఆపుకుంటూ అన్నాను: "మీదీ తెల్ల కారేనాండీ? అందుకే పొరపాటు పడుంటుంది."

"తెల్లదేటండి? మాది ఎర్ర కారండి," అంది ఆవిడ.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఎర్రటి ఎండ, పట్టపగలు. ఎర్ర కారుని చూసి తెల్ల కారు అనుకుని ఎక్కే మనిషికి ఏమై ఉంటుంది?

సాయంత్రం ఇంట్లో విచారణ జరిగింది. మావ కుంటుతూ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. పిక్క బిగుసుకుపోయి కాలు నేల మీద ఆనటం లేదు. అత్త ఆ కారువాళ్లని ఇంకా తిడుతూనే ఉంది. మా ఆవిడ తల్లి ఎదురుగా కూర్చుని ఒకే ప్రశ్న వేసింది.

"అమ్మా, మన కారు ఏ రంగు?"

"కారు రంగు నాకేల? నానేటి దానికి పెళ్లి సేస్తన్నానా?"

"నేను కట్టుకున్న చీర ఏ రంగు?"

అత్త చెయ్యి చాపి, చీర అంచు వేళ్ల మధ్య నలిపి చూసింది. "మొన్న కొన్నదేగా," అంది. రంగు చెప్పలేదు.

అప్పుడు మావ నా మీద విరుచుకుపడ్డాడు. అంత కోపం ఆయనలో ఉందని నాకు అప్పటిదాకా తెలీదు.

"నువ్వు కాదేటి బండి ఆపీసినావు? ఎంత నొక్కినా ఆగిపోతాది! క్లచ్చి తొక్కితే ఆగదని కనిపెట్టి పొద్దున్నుంచి తొక్కే ఉన్నాను. కాలు పట్టీసి ఒగ్గీసినాను. ఒక్క నిమిషం ఒగ్గీసినాను, అంతే! ఎలిపోనాది ఇంజిను. మీ అత్తకి దారి పోనాది."

మెల్లగా మొత్తం బయటకొచ్చింది. అత్త కళ్లకి పొగ కమ్మడం మొదలై చాలాకాలమైందట. చేపల్ని వేళ్లతో పోల్చుకుంటుంది, మనుషుల్ని గొంతుతో పోల్చుకుంటుంది. తూకానికి సాయం పక్కనే కూర్చునే, వరసకి చెల్లెలయ్యే ఆవిడట. కానీ మంచినీళ్లకీ, సరుకుకీ, సాయంత్రం ఇంటికీ కారు దగ్గరకి రావాలి. మావ వెళ్లి చెయ్యి పట్టుకుని తెస్తానంటే అత్త ఒప్పుకోలేదు. "సంతలో మొగుడు సెయ్యట్టుకుని నడిపిస్తే కళ్లు పోనాయని ఊరంతటికీ తెలిసిపోదేటి? రేపు నా సోట్లో ఇంకోర్తి కూకుంటాది," అంది. కూతురికి తెలిస్తే ఒప్పందం సంగతి సరేసరి.

అందుకని మావ తనకి తెలిసిన పద్ధతి పెట్టాడు. బోటు మీద అదే పద్ధతి. చిన్న తెప్ప వేసుకుని మనుషులు వల వెయ్యడానికి దూరంగా పోతారు. మంచు దిగితే బోటు కనపడదు. ఇంజిను చప్పుడు వింటూ తిరిగొస్తారు. ఆఖరి మనిషి ఎక్కేదాకా డ్రైవరు ఇంజిను ఆపకూడదు. డీజిలు అయిపోతున్నా ఆపకూడదు, బోటు యజమాని తిట్టినా ఆపకూడదు.

"మనిషి బయటుంటే ఆపుతామేటి బాబూ?" అన్నాడు మావ.

ఏసీ వేసుకుని నిద్రపోతున్నాడని నేననుకున్న మనిషి, అద్దాలు దించుకుని, చెమటలు కక్కుతూ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా భార్యకి చప్పుడు వినిపిస్తూ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. అది కప్పిపుచ్చుకోవడానికి మావ కాలికి నూనె రాస్తానని బయల్దేరాను. "నీ సేతులు నాకొద్దు, నా కూతురు రాస్తాది," అన్నాడు.

విజయనగరంలో కళ్ల డాక్టరుకి చూపించాం. నీటికాసులన్నాడు. పోయిన చూపు తిరిగి రాదట, ఉన్నది నిలవాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలట. "సుక్కలు ఎన్నైనా ఎయ్యండి బాబూ. సంత మానీమని మాత్రం కాయితం మీద రాయకండి," అని అత్త డాక్టరుని బతిమాలింది. ఆవిడ ఎవరినైనా బతిమాలడం నేను చూడటం అదే మొదలు. అది మా ఇంటి విషయమని ఆయన తప్పుకున్నాడు. ఇంటికి రాగానే మా ఆవిడ ప్రకటించేసింది: "సంత బంద్."

అత్త తిట్టలేదు. గిన్నెలు పడెయ్యలేదు. గోడకి చేరగిలబడి కూర్చుంది. అది చూస్తే అందరికీ భయమేసింది. చాలాసేపటికి, "ఇంట్లో ఉన్న సరుకు అమ్మీసి వచ్చీస్తాను. ఆ ఒక్క సంతే," అంది. "అయితే నేనూ వస్తాను. నా కళ్లతో నేను సూడాలి," అంది మా ఆవిడ.

నేను మళ్లీ ఆ ల్యాప్‌టాప్ ఆయన దగ్గరకి పరిగెత్తాను. మీట బాగు చేసి, ఇంజినుకి దాని పాత చప్పుడు దానికిచ్చెయ్యమన్నాను. "మైలేజీ పడిపోద్దండి," అన్నాడు. "పడి చావనీ," అన్నాను. నాకేదో గాలి సోకిందన్నట్టు ఓ చూపు చూసి తీగ గుచ్చాడు.

ఆ సంతకి నలుగురం వెళ్లాం. మావ కాలు ఇంకా సర్దుకోలేదు కాబట్టి మా ఆవిడ నడిపింది. ఎప్పటిలాగే బియ్యం మిల్లు గోడ పక్కన ఆపి, మావ చెప్పినట్టు ఇంజిను ఆన్‌లోనే ఉంచింది. అద్దాలు దించాం. అత్త దిగి, తట్ట ఎత్తుకుని జనంలో కలిసిపోయింది. పొద్దుటి నుంచీ ఆవిడ వస్తోంది, నీళ్లు తాగుతోంది, సరుకు తీసుకుని వెళుతోంది. ఎవరి భుజమైనా తగిలితే వాళ్లనే తిడుతోంది. చూసేవాళ్లకి ఏ అనుమానమూ రాదు. "నాటకాలాడతన్నారు మీ ఇద్దరూ," అంది మా ఆవిడ తండ్రితో. "కళ్లున్నదానిలాగే నడుస్తన్నాది."

ఆఖరికి సరుకంతా అమ్మేసి ఖాళీ తట్ట నడుం మీద పెట్టుకుని అత్త సందులోంచి బయటకొచ్చింది. మా వైపే వడివడిగా వస్తోంది. అప్పుడు మా ఆవిడ చెయ్యి తాళం మీదకి వెళ్లింది. తిప్పేసింది. ఇంజిను ఆగిపోయింది.

మావ ముందున్న డ్యాష్‌బోర్డుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

అత్త ఒక అడుగు వేసి ఆగింది. మాకూ ఆవిడకీ మధ్య మా వాకిలంత దూరం కూడా లేదు. మా వైపే చూస్తోంది, మమ్మల్ని చూడటం లేదు. తల కొంచెం ఇటు తిప్పింది, కొంచెం అటు తిప్పింది. తోపుడు బండివాడు తప్పుకోమని అరిచాడు. ఎటు తప్పుకోవాలో ఆవిడకి తెలీలేదు. ఎవరినీ పిలవలేదు. మావ పేరెత్తి కేకెయ్యలేదు. తట్ట కింద పెట్టి, రొంటినున్న చుట్ట తీసి, సంత నడిమధ్య చుట్ట కాల్చుకోవాలని బుద్ధి పుట్టి ఆగిన మనిషిలా తీరిగ్గా నిలబడింది. ఎవరో పలకరిస్తే నవ్వుతూ జవాబు కూడా చెప్పింది. చుట్ట వెలిగించలేదు.

"ఎయ్యే," అన్నాడు మావ. "ఎయ్యే అమ్మా, నీకు దండమెడతాను."

మా ఆవిడకి కన్నీళ్లలో తాళం చేతికి అందలేదు. రెండోసారికి తిప్పింది. ఇంజిను గడగడమంటూ లేచింది. అత్త చుట్ట మళ్లీ రొంటిన దోపుకుని, తట్ట ఎత్తుకుని, నేరుగా నడిచొచ్చి, బానెట్టు మీద చెయ్యి వేసి, తడుముకుంటూ తలుపు తీసి నా పక్కన కూర్చుంది.

"ఎవులు ఆపినారు?" అంది.

"నేనే," అంది మా ఆవిడ.

"డీజిలుకి ఏడిసి సస్తన్నావేటే? నీ మొగుడి రోగం నీకూ అంటుకున్నాదా?"

మా ఆవిడ ముక్కు తుడుచుకుని గేరు వేసింది. శృంగవరపుకోట దాటి, పొలాలు మొదలయ్యాక అడిగింది: "వచ్చే సంతకి ఏటేటి తెప్పించాలమ్మా?"

"నెత్తళ్లు ఎక్కువ తెప్పించు. సావిడాయిలు ఈయేల ఎవులూ అడగలేదు," అంది అత్త, అసలు గొడవే జరగనట్టు. తట్ట మీద చెయ్యి వేసుకుని కళ్లు మూసుకుంది.

మావ ముందుకి వంగి తెర చూశాడు. పన్నెండు కూడా లేదు. వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశాడు.

"ఎదురుగాలి బాబూ," అన్నాడు.

"అవును మావా," అన్నాను. "గట్టిగా ఉన్నాది."